పేరులో ఉన్న ఊరు పుట్టినూరేనా? మొక్కల, జంతువుల లాటిన్ పేర్లు చదివే పద్ధతి

బెంగుళూరు వంకాయ నిజానికి వంకాయ కాదు, దాని పుట్టినూరు బెంగుళూరూ కాదు. మెక్సికో, గ్వాటెమాలా వైపు పుట్టిన తీగ అది, గుమ్మడి కుటుంబానికి చెందింది. బెంగుళూరు వైపు నుంచి మన కూరగాయల బజార్లకి చేరింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు కూడా తమ బజారుకి కొత్తగా వచ్చిన పండుకీ, కోడికీ, వేరుకీ ఇలాగే పేర్లు పెట్టుకున్నారు. ఎటు నుంచి వచ్చిందని అనుకున్నారో ఆ ఊరి పేరు తగిలించారు. తర్వాతి కాలంలో ఆ బజారు పేర్లే శాస్త్ర నామాలయ్యాయి. చిక్కు అక్కడే మొదలైంది. శాస్త్ర నామం కనక అందులోని ఊరు పుట్టినూరే అయి ఉండాలని చదివేవాళ్లు అనుకుంటారు. ఎక్కువసార్లు ఆ ఊరు చెప్పేది సరుకు వచ్చిన దారి గురించి మాత్రమే. అది కూడా పేరు పెట్టినవాళ్లకి తెలిసినంత మేరకే.

ముందు ఈ పేర్లు ఎలా తయారయ్యాయో చూడాలి. లాటిన్‌లో 'మాలుం' అంటే ఆపిల్. కండగల గుండ్రటి పండు ఏది కొత్తగా వచ్చినా దాన్ని మాలుం అనేసి, పక్కన ఊరిని విశేషణంగా చేర్చేవారు. పర్షియా నుంచి వచ్చింది మాలుం పెర్సికుం. కార్తేజ్ వైపు నుంచి వచ్చింది మాలుం పునికుం (పునికుం అంటే కార్తేజ్‌ది). మీడియా దేశం, అంటే నేటి వాయవ్య ఇరాన్, అక్కడి నుంచి వచ్చింది మాలుం మెడికుం. క్రీట్ ద్వీపంలోని కిడోనియా, అంటే నేటి హన్యా పట్నం, దాని పేరు మీద మాలుం కిడోనియుం. కొన్నాళ్లు వాడాక మాలుం రాలిపోయి, విశేషణమే పండుకి పేరుగా మిగిలింది. పెర్సికా అన్న మాట అరిగి అరిగి ఫ్రెంచిలో పెష్ అయింది, ఇంగ్లిషులో పీచ్ అయింది. మనం సూపర్‌మార్కెట్లో పీచ్ అని కొంటున్న పండు పేరులో పర్షియా ఉందని ఇప్పుడు ఎవరికీ వినిపించదు.

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కలకి, 1758లో జంతువులకి రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. కొత్త పేర్లు కొల్లలుగా కావలసి వచ్చినప్పుడు ఆయన రోమన్, గ్రీకు గ్రంథాల్లోని పాత పేర్లను ఎత్తి పెట్టాడు. దానిమ్మ సంగతే చూడండి. కార్తేజ్ చుట్టుపక్కల పెరిగే ఈ పండుని పునికుం అంటారని, కొందరు గింజల పండు అనే అర్థంలో గ్రానాటుం అంటారని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. ఒకే పండుకి వాడుకలో ఉన్న ఈ రెండు పేర్లనీ పక్కపక్కన పెడితే పునికా గ్రానాటుం, నేటి శాస్త్ర నామం. రోమన్లకి మంచి దానిమ్మలు ఇచ్చింది కార్తేజ్, అంటే ట్యునీసియా తీరం. చెట్టు పుట్టినది మాత్రం ఇరాన్, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో.

పీచ్ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇందులో పొరపాటు పుట్టిన చోటే మనకి కనిపిస్తుంది. ప్లినీ తన 'ప్రకృతి చరిత్ర' 15వ సంపుటంలో, ఈ పండు గ్రీసుకీ ఆసియాకీ (అప్పట్లో ఆ మాటకి నేటి టర్కీ పడమటి భాగమని అర్థం) కూడా పరాయిదని, పర్షియా నుంచి వచ్చిందని దాని పేరే చెబుతోందని రాశాడు. ఆయన చేతిలో ఉన్న సాక్ష్యం పేరు ఒక్కటే. ఆ తర్వాత వందల ఏళ్లు అదే మాట నడిచింది. 1880ల్లో స్విస్ వృక్షశాస్త్రవేత్త ఆల్ఫోన్స్ ద కందోల్ పాత భాషల్లోని పేర్లనీ అడవి రకాలు పెరిగే చోట్లనీ కలిపి చూసి పీచ్ పుట్టిల్లు చైనా అని వాదించాడు. యాంగ్జీ లోయలో పురావస్తు తవ్వకాల్లో దొరికిన వేల ఏళ్ల నాటి పీచ్ టెంకలు దాన్ని బలపరిచాయి. పర్షియా మధ్యలో ఒక మజిలీ. అయినా శాస్త్ర నామం నేటికీ ప్రూనస్ పెర్సికాయే.

ఆప్రికాట్‌ది కూడా ఇదే వరస. ప్రూనస్ అర్మేనియాకా అంటే అర్మేనియా చెట్టు. దీని అడవి చెట్లు మధ్య ఆసియా కొండల్లో, చైనాలో ఉన్నాయి. రోమన్లకి అది అర్మేనియా మీదుగా అందింది. హైదరాబాదు పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా వండేది ఈ పండు ఎండబెట్టిన రూపంతోనే. ఇంగ్లిషు పేరు ఆప్రికాట్ మాత్రం ఊరి పేరు కాదు. తొందరగా పండేది అనే అర్థంలో రోమన్లు వాడిన ప్రేకోకుం అనే మాట గ్రీకులోకి, అరబ్బీలోకి, స్పానిష్‌లోకి వెళ్లి తిరిగొచ్చిన రూపం అది. ఒకే పండుకి శాస్త్ర నామం ఒక వైపు, వాడుక పేరు మరో వైపు చూపిస్తే, ఒకదానితో ఇంకొకటి రుజువు చేయబోకూడదు.

చివరి అక్షరాలు ఎందుకు మారతాయి

పేరు చదివేటప్పుడు చాలామందిని తికమక పెట్టేది తోకలు. ఇండికా, ఇండికస్, ఇండికుం అని మూడు రకాలు కనిపిస్తే మూడు వేర్వేరు మాటలేమో అనిపిస్తుంది. ఒకటే మాట, లింగం మారింది, అంతే. రెండో మాట విశేషణమైతే మొదటి మాట లింగాన్ని అనుసరించాలి. మామిడి మాంగిఫెరా ఇండికా, స్త్రీలింగం. తీతువు పిట్ట వనెల్లస్ ఇండికస్, పుంలింగం. నువ్వులు సెసముం ఇండికుం, నపుంసకం. లాటిన్‌లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగం. అందుకే ప్రూనస్ అనే మాట పుంలింగంలా కనిపించినా దాని పక్కన పెర్సికా, అర్మేనియాకా అని స్త్రీలింగ విశేషణాలు వస్తాయి. ఇది తెలియనివాళ్లు ప్రూనస్ పెర్సికస్ అని దిద్దుతుంటారు. ఆ దిద్దుబాటే తప్పు.

ఊరి పేరుని విశేషణం చేసే ప్రత్యయాలు కొన్నే. ఇకుస్, ఆకుస్, ఆనుస్, ఎన్సిస్ అన్నవి తరచుగా వస్తాయి. పెర్సికా, అర్మేనియాకా, బాక్ట్రియానస్, బెంగాలెన్సిస్ ఈ నాలుగింటికీ ఒక్కో ఉదాహరణ. మర్రిచెట్టు ఫైకస్ బెంగాలెన్సిస్. ఎన్సిస్‌తో ముగిసే పేరు ఎక్కువగా లిన్నేయస్ కాలంలోనో ఆ తర్వాతో తయారైంది. ఇకుస్‌తో ముగిసేది ప్రాచీన గ్రంథాల నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. ఇది నియమం కాదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆనవాలు.

మెంతుల పేరు లింగం కలవాలన్న నియమాన్ని తప్పినట్టు కనిపిస్తుంది. ట్రైగోనెల్లా ఫీనుం-గ్రేకుం. ట్రైగోనెల్లా స్త్రీలింగం, రెండో మాటకి నపుంసకపు తోక. ఫీనుం-గ్రేకుం విశేషణం కాకపోవడమే కారణం. గ్రీకు ఎండుగడ్డి అనే పూర్తి నామవాచకం అది. రోమన్లు మెంతిని పశువుల మేతగా పండించేవారు, క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దంలో కేటో తన వ్యవసాయ గ్రంథంలో దీన్ని మేత పంటల్లో చెప్పాడు. నామవాచకం కనక లింగం మార్చుకోనవసరం లేదు. రెండు మాటలూ కలిసి ఒకే పేరుగా నిలవాలి కనక మధ్యలో అడ్డగీత తప్పదు. అది వదిలేస్తే పేరు మూడు మాటలవుతుంది, డేటాబేస్‌లో వెతికితే సరిగా దొరకదు.

మెడికా అంటే మందు కాదు

సిట్రస్ మెడికా మన మాదీఫలం. ఆయుర్వేదంలో వాడతారు కనక మెడికా అంటే ఔషధమని రాసినవాళ్లు లెక్కలేనంత మంది. అది మీడియా దేశపు విశేషణం. క్రీస్తుకి పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఈ చెట్టుని మీడియా ఆపిల్ లేదా పర్షియా ఆపిల్ అనే పేరుతో వర్ణించాడు. పండు తినరని, వాసన బాగుంటుందని, బట్టల మధ్య పెడితే చిమటలు పట్టవని, విషానికి విరుగుడని చెప్పాడు. ప్లినీ కాలానికి దీనికి అసిరియా ఆపిల్ అనే పేరు కూడా ఉంది. ఒకే పండుకి మూడు దేశాల పేర్లు! ప్లినీ చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా ఇష్టం. ఈ చెట్టుని తమ దేశాలకి తరలించుకోవాలని జనం మట్టి కుండల్లో నాటి, వేళ్లకి గాలి ఆడేలా కుండలకి చిల్లులు పెట్టి ప్రయత్నించారట. మీడియాలో, పర్షియాలో తప్ప అది ఎక్కడా బతకనని మొరాయించిందట. అందుకే అది ఆ దేశపు చెట్టేనని రోమన్లు గట్టిగా నమ్మారు. నిజానికి దాని పుట్టిల్లు తూర్పు హిమాలయాల పాదాలు, ఈశాన్య భారతం, బర్మా వైపు. మీడియాకి అది మన వైపు నుంచే చేరింది.

ఇక్కడ తెలుగువాళ్లకి ఎదురయ్యే ఉచ్చు ఒకటుంది. మాదీఫలం, మీడియా ఫలం, శబ్దం దగ్గరగా ఉంది కదా, మన పేరూ అక్కడి నుంచే వచ్చిందా? శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. ఈ పండుకి సంస్కృతంలో మాతులుంగం అనే పేరుంది, కన్నడంలో మాదళ అంటారు. మాదీఫలానికి బంధువులు ఇంత దగ్గర్లో ఉండగా ఇరాన్ దాకా వెళ్లాలంటే, ఆ మాట ఏ భాషలోంచి ఏ భాషలోకి ఎప్పుడు వచ్చిందో మెట్టు మెట్టుగా చూపించాలి. అలాంటి మెట్లు లేకుండా పేర్లని ముడిపెట్టడం ఊహ కిందే లెక్క.

పాడి రైతులకి తెలిసిన లూసర్న్ మేతది కూడా ఇదే పేరు. మెడికాగో సటైవా. మందుకి సంబంధం లేదు. పర్షియా చక్రవర్తి దర్యావుషు గ్రీసు మీదికి దండెత్తిన రోజుల్లో మీడియా నుంచి ఈ గడ్డి గ్రీసుకి వచ్చిందని ప్లినీ రాశాడు. గ్రీకులు దాన్ని మీడియా గడ్డి అన్నారు. గుర్రాలతో కదిలే సైన్యం మేత విత్తనం వెంట తెచ్చుకోవడంలో వింత లేదు. సటైవా అంటే సాగు చేసేది. మందుల దుకాణానికి చెందినది అనే అర్థమిచ్చే లాటిన్ మాట వేరే ఉంది, అఫిసినాలిస్. పేరులో ఔషధం వెతికేవాళ్లు చూడవలసింది దాన్ని.

ఇలాంటి మారువేషాలు ఇంకా ఉన్నాయి. తుంగ గడ్డి పేరు సైపెరస్ రోటుండస్ చూసి సైప్రస్ ద్వీపం అనుకోకూడదు. కైపెయిరోస్ అని గ్రీకులో ఆ గడ్డికే ఉన్న పేరు అది. కోడి పేరు గాలస్ గాలస్‌కి గాల్ దేశంతో, అంటే పాత ఫ్రాన్సుతో, పని లేదు. గాలస్ అంటే లాటిన్‌లో పుంజు.

ఊరి పేరు ముందా, చెట్టు పేరు ముందా?

చెర్రీ కథ అందరూ చెప్పేదే. రోమన్ సేనాని లుకుల్లస్ నల్లసముద్రం ఒడ్డున మిత్రిదాతిస్ రాజుతో యుద్ధం చేసి, కెరాసుస్ అనే పట్నం నుంచి చెర్రీ చెట్టు తెచ్చాడని, అందుకే దాని పేరు సెరసస్ అని. ఆ పట్నం నేటి టర్కీలోని గిరేసున్. లుకుల్లస్ విజయానికి ముందు, అంటే క్రీస్తుకి పూర్వం 74కి ముందు, ఇటలీలో చెర్రీలు లేవని, 120 ఏళ్లలో అవి బ్రిటన్ దాకా వెళ్లాయని ప్లినీ లెక్క చెప్పాడు.

లెక్క కచ్చితంగా ఉంది, కథ మాత్రం నిలబడదు. కెరాసోస్ అనే చెట్టు పేరు థియోఫ్రాస్టస్ గ్రంథంలోనే ఉంది, ఆయన లుకుల్లస్‌కి రెండు వందల ఏళ్లకి పైగా ముందువాడు. అడవి చెర్రీ గింజలు యూరప్‌లో చరిత్రకి ముందునాటి ఊళ్లలోనే దొరికాయి. లుకుల్లస్ తెచ్చి ఉంటే మంచి సాగు రకం ఒకటి తెచ్చి ఉంటాడు. కొబ్బరి తోటల మధ్య ఊరికి కొబ్బరి పేరు వచ్చినట్టు, చెర్రీ చెట్లున్న పట్నానికే చెట్టు పేరు వచ్చి ఉండవచ్చనే వాదన పాతకాలం నుంచీ ఉంది. పైగా నేటి గిరేసున్‌కి అప్పట్లో ఫార్నాకియా అని పేరు, కెరాసుస్ అనే పేరు దానికి తర్వాత వచ్చింది. ఇలా బాణం ఎటు తిరిగిందో తేలని పేర్లని ఊరి పేరు నుంచి వచ్చింది అని ఒక్క ముక్కలో రాసెయ్యడం సరి కాదు. చెస్ట్‌నట్ పేరు కస్టానియాకి కూడా ఇదే వివాదం ఉంది. మరో మాట, మన బేకరీల్లో కేకు మీద చెర్రీ పేరుతో వచ్చేది చాలావరకు చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసిన వాక్కాయ. దానికీ కెరాసుస్‌కీ ఏ సంబంధమూ లేదు.

బాణం రెండుసార్లు తిరిగిన పేరు కానరీ పిట్టది. అట్లాంటిక్‌లోని ఒక ద్వీపంలో పెద్ద పెద్ద కుక్కలు ఉన్నాయి కాబట్టి దాన్ని కనారియా అన్నారని ప్లినీ రాశాడు. కానిస్ అంటే లాటిన్‌లో కుక్క. ద్వీపం పేరు పిట్టకి వచ్చింది, సెరినస్ కనారియా. జంతువు పేరు ఊరికి, ఊరి పేరు ఇంకో జంతువుకి.

ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే ఇంకో చిక్కు. పాతకాలపు ధనికులు ముద్దుగా పెంచుకున్న చిన్న కుక్కలకి మెలిటా కుక్కలని పేరు. మెలిటా అంటే మాల్టా ద్వీపం అని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో చెప్పాడు. కాదు, అడ్రియాటిక్ సముద్రంలోని మెలిటా, అంటే నేటి మ్‌లియెట్ అని గ్రీకు కవి కల్లిమాకస్ అన్నట్టు ప్లినీ చెప్పాడు. నేటి మాల్టీస్ జాతి కుక్కల్ని అమ్మేవాళ్లు మొదటి మాటే చెబుతారు, రెండోది ఎత్తరు.

పక్షుల పేర్లలో గందరగోళం

ఫెజెంట్ పక్షి పేరు ఫాసియానస్ కొల్కికస్. రెండు మాటలూ ఒకే చోటుని చూపిస్తాయి. ఫాసిస్ నది నేటి జార్జియాలోని రియోని, అది నల్లసముద్రంలో కలిసే ప్రాంతానికి కొల్కిస్ అని పేరు. ఈసారి పేరు అబద్ధం చెప్పలేదు, అక్కడ ఆ పక్షి అడవిలోనే ఉంది. కానీ దాని విస్తీర్ణం అక్కడి నుంచి చైనా, కొరియా దాకా. ఫొటోల్లో మనం చూసే మగ ఫెజెంట్ మెడకి తెల్లటి పట్టీ ఉంటే దానిలో చైనా వైపు రక్తం ఉందని అర్థం, రియోని లోయ పక్షికి ఆ పట్టీ ఉండదు. పేరులో కొల్కిస్ ఉందని ప్రతి ఫెజెంట్ మూలాన్నీ అక్కడికి చేర్చలేం.

గిన్నీ కోడి దగ్గర పేర్లు పూర్తిగా తారుమారయ్యాయి. దాని శాస్త్ర నామం నుమిడా మెలియాగ్రిస్ (లిన్నేయస్, 1758). నుమిడియా అంటే నేటి అల్జీరియా ఉత్తర భాగం, దాని పక్క ప్రాంతం. రోమన్లు ఈ పక్షిని నుమిడియా కోడి, ఆఫ్రికా కోడి అనేవారు. మెలియాగ్రిస్ దానికి గ్రీకు పేరు. అడవిలో అది ఎక్కువగా ఉండేది సహారా ఎడారికి దక్షిణాన. ఇంగ్లిషువాళ్లు పశ్చిమాఫ్రికా తీరమైన గినీ పేరు పెట్టారు, మన గిన్నీ కోడి అక్కడి నుంచే వచ్చింది. ఇంతలో అమెరికా నుంచి ఇంకో పెద్ద కోడి వచ్చింది. యూరప్‌వాళ్లు దాన్నీ దీన్నీ కలిపేశారు. లిన్నేయస్ గిన్నీ కోడి గ్రీకు పేరుని ఆ అమెరికా పక్షికి ప్రజాతి పేరుగా పెట్టేశాడు, మెలియాగ్రిస్ గాలోపావో. ఆ పక్షిని ఇంగ్లిషువాళ్లు టర్కీ అన్నారు, టర్కీలో దాన్ని హిందీ అంటారు, అంటే ఇండియాది అని. టర్కీ కోడి టర్కీదీ కాదు, ఇండియాదీ కాదు.

ఆ బ్రాకెట్లని ఎలా చదవాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జంతువుల పేరు చివర రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో ఉంటే, ఆ జాతిని మొదట వేరే ప్రజాతిలో పెట్టారని, తర్వాత మార్చారని అర్థం. గిన్నీ కోడిని లిన్నేయస్ 1758లో ఫాసియానస్ మెలియాగ్రిస్ అన్నాడు, అంటే ఫెజెంట్ల జట్టులో కలిపాడు. మొక్కలకి పద్ధతి కొంచెం వేరు: మొదట పేరు పెట్టినవాడు బ్రాకెట్లో, మార్చినవాడు బయట ఉంటారు. పీచ్ పేరు పక్కన ఎల్. అని బ్రాకెట్లో, బాట్ష్ అని బయట కనిపిస్తుంది. లిన్నేయస్ దాన్ని బాదంతో కలిపి అమిగ్డాలస్ పెర్సికా అన్నాడు, బాట్ష్ 1801లో ప్రూనస్‌లోకి తెచ్చాడు. ఊరి పేరు ఎప్పుడు, ఎవరి చేతుల్లో ఈ జాతికి అంటుకుందో తెలియాలంటే మొదట చూడవలసింది ఈ చిన్న అక్షరాలనే. మొక్కలకి ఐపిఎన్‌ఐ అనే ఉచిత ఆన్‌లైన్ సూచికలో ఈ వివరాలు దొరుకుతాయి. లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి 'ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్'లో అదే మొక్క సహజంగా పెరిగే దేశాల పటం కూడా ఉంటుంది. పేరులోని ఊరిని, పటంలోని రంగుని పక్కపక్కన పెట్టి చూస్తే చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

జంతువుల్లో ఇంకో ఆధారం టైప్ లొకాలిటీ. అంటే ఆ జాతి వర్ణనకి ఆధారమైన నమూనా దొరికిన చోటు. పేరులోని ఊరూ ఇదీ ఒకటే కావాలని లేదు. పేరు మారకపోయినా, పాత వర్ణనలో చోటు సరిగా లేకపోతే తర్వాతి పరిశోధకులు టైప్ లొకాలిటీని సరిచేస్తారు.

వేరు ఒకటి, దారులు మూడు

రూబార్బ్ వేరు ఆయుర్వేద, యునానీ సరుకుల అంగళ్లలో రేవల్చిన్ని పేరుతో దొరుకుతుంది. రోమన్లకి అది వోల్గా నది వైపు నుంచి వచ్చేది. వోల్గా పాత పేరు రా. నాలుగో శతాబ్దంలో రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్, రా నది గట్ల మీద అదే పేరుగల మందు వేరు పెరుగుతుందని రాశాడు. నల్లసముద్రపు పాంటస్ దారిలో వచ్చింది రా పాంటికుం, పరాయి దేశాల నుంచి వచ్చింది రా బార్బరుం. రెండోది అరిగి రూబార్బ్ అయింది, మొదటిది రీయుం రపాంటికుం అనే శాస్త్ర నామమైంది. ఇన్ని పేర్లు పెట్టుకున్నా మంచి మందు వేరు వచ్చేది చైనా, టిబెట్ కొండల నుంచి. మన పేరులోని చిన్ని ఆ సంగతి చెబుతోంది, అది పారశీకంలోని చీనీ. దాల్చిన చెక్కలో ఉన్నదీ అదే. చీనా కట్టె అనే అర్థంలో దార్ చీనీ నుంచి వచ్చింది. మంచి దాల్చిన చెక్క మాత్రం శ్రీలంకది. అంటే పారశీక వర్తకుల పేరు ఒక సరుకు విషయంలో నిజం చెప్పి, ఇంకో సరుకు విషయంలో దారి తప్పించింది.

కొల్కిస్ పేరు మోసే మొక్క ఇంకొకటి కొల్కికుం. గ్రీకు పురాణాల్లోని మంత్రగత్తె మెడియా పుట్టిన దేశం కనక గ్రీకులు ఈ విషపు దుంపకి ఆ దేశం పేరు పెట్టారు. దీని నుంచి తీసిన కోల్చిసిన్‌ని గౌట్ అనే కీళ్లవాపుకి వాడతారు. మోతాదుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ కనక డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. యూరప్‌లో మామూలుగా కనిపించే కొల్కికుం ఆటుమ్నాలె కొల్కిస్ మొక్క కాదు, పశ్చిమ, మధ్య యూరప్‌ది. అదే మందు మన అడవినాభి విత్తనాల్లోనూ ఉంది. ఒక దేశం పేరు మందు బిళ్ల దాకా వచ్చింది, ఆ మందు మాత్రం ఆ దేశం ముఖం చూడని మొక్కలో కూడా ఉంది.

ఇండికా అంటే ఏ ఇండియా?

పాత భూగోళాన్ని నేటి పటం మీద పరిచి చదవడం ఈ రంగంలో అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు. రోమన్లకి ఆఫ్రికా అంటే ముందుగా కార్తేజ్ చుట్టూ ఉన్న రాష్ట్రం, ఆసియా అంటే నేటి టర్కీ పడమటి భాగం. గ్రీకులకి లిబియా అంటే ఆఫ్రికా ఖండమే. లిన్నేయస్ కాలంలో ఇండియా అన్న మాటలో తూర్పు ఇండియాలు, పడమటి ఇండియాలు రెండూ ఇమిడేవి. అందుకే ఒకే విశేషణం మూడు రకాలుగా తేలుతుంది. సెసముం ఇండికుం నిజంగా భారత ఉపఖండపు పంట. పెరట్లో పూసే మెట్టతామర కాన్నా ఇండికా పుట్టినది అమెరికా ఉష్ణమండలంలో. చింతచెట్టు పేరులో ఇండియా రెండుసార్లు ఉంది. అరబ్బులు చింతపండుని తమర్ హిందీ, ఇండియా ఖర్జూరం అన్నారు, అది టామరిండస్ అయింది, దాని పక్కన లిన్నేయస్ ఇండికా చేర్చాడు. ఇంత గట్టిగా చెప్పినా చింత పుట్టిల్లు ఉష్ణమండల ఆఫ్రికా. మన దేశానికి ఎంత కాలం కిందట వచ్చిందంటే, పులుసు లేని తెలుగు వంట ఊహించలేనంత.

రేవు పేరు పుట్టినూరుగా చెలామణి అయిన కేసులు మన తీరంలోనూ ఉన్నాయి. చోళమండలం మాట పోర్చుగీసువాళ్ల నోట కోరమాండల్ అయి, లాటిన్ తోక తగిలించుకుంది. గుంపెన చెట్టు లానియా కోరమాండెలికా. మన చెరువుల్లో ఈదే అతి చిన్న బాతు నెటాపస్ కోరమాండెలియానస్. చేలగట్ల మీద కూసే కౌజు ఆర్టిగార్నిస్ పాండిసెరియానస్, ఇందులో రెండో మాట జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ 1789లో పెట్టింది. ఆ కౌజు పుదుచ్చేరికి పరిమితం కాదు, ఇరాన్ నుంచి శ్రీలంక దాకా ఉంటుంది. పుదుచ్చేరి అప్పటి ఫ్రెంచివాళ్ల రేవు. పక్షి చర్మం ఓడెక్కిన చోటే దానికి ఊరైంది, కార్తేజ్ దానిమ్మకి జరిగినట్టే.

తప్పని తెలిసీ ఎందుకు మార్చరు?

విచిత్రమేమంటే, పుట్టినచోటు జాతిని వేరుచేసి చూపదని లిన్నేయసే 1751లో ఫిలాసోఫియా బొటానికాలో రాశాడు. ఆయన దృష్టిలో అప్పుడున్నది మొక్క లక్షణాలు వర్ణించే పొడవాటి పేర్లు. ఆ వర్ణనలో దేశం పేరు పెడితే మొక్కని గుర్తుపట్టడానికి పనికిరాదు, ఆ మాట సబబే. కానీ రెండేళ్లకి వచ్చిన రెండు మాటల పేరు వర్ణన కాదు, పిలవడానికి గుర్తు మాత్రమే. అక్కడ ఊరి పేర్లు ఆయనే ధారాళంగా వాడాడు.

గుర్తుకి నిజం కన్నా స్థిరత్వం ముఖ్యం. పేరు మారిన ప్రతిసారీ పాత పరిశోధనలు, విత్తన చట్టాలు, మందుల ప్రమాణ గ్రంథాలు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు అతికించిన హెర్బేరియం అట్టలు అన్నిటిలో ముడి తెగుతుంది. అందుకే వృక్షనామాల అంతర్జాతీయ నియమావళి 51వ అధికరణం, పేరు తగినట్టు లేదన్న ఒక్క కారణంతో దాన్ని తోసిపుచ్చకూడదని చెబుతుంది. అందులోనే ఉదాహరణ ఉంది: స్కిల్లా పెరువియానా. పెరూ పేరు మోసే ఈ పూలమొక్క పెరిగేది పశ్చిమ మధ్యధరా తీరాల్లో. జంతునామాల నియమావళిలో 18వ అధికరణం ఇదే మాట చెబుతుంది. ఊరు తప్పయినంత మాత్రాన పేరు పోదు. ప్రజాతి మారితే మొదటి మాట, దాంతో పాటు రెండోదాని తోక మారవచ్చు. రెండు జాతులు ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరు నిలుస్తుంది. సాంబారు ఉల్లిపాయకి పాలస్తీనా తీరంలోని అస్కలాన్ పట్నం పేరుతో ఉన్న అల్లియం అస్కలోనికుం వాడుకలోంచి తగ్గింది ఇలాగే. అది మామూలు ఉల్లి అల్లియం సెపాలో ఒక రకమేనని ఇప్పుడు ఎక్కువమంది లెక్కిస్తున్నారు.

ఈ కట్టుబాటుకి వృక్షశాస్త్రజ్ఞులు ఒక్క మినహాయింపు ఇచ్చారు, కారణం భూగోళం కాదు. 2024 జులైలో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఓటింగు జరిపి, దక్షిణాఫ్రికాలో నల్లజాతివాళ్లని అవమానించే తిట్టుగా మారిన కాఫ్రా అనే మాట ఉన్న పేర్లని, ఒక్క అక్షరం తీసేసి అఫ్రాగా మార్చాలని నిర్ణయించారు. 200కి పైగా పేర్లు మారాయి. దక్షిణాఫ్రికా తీరంలో ఎర్రగా పూసే ఎరిత్రినా కాఫ్రా ఇప్పుడు ఎరిత్రినా అఫ్రా. కొత్త విశేషణానికి మూలమైన అఫెర్ అనే లాటిన్ మాటని రోమన్లు మొదట వాడింది కార్తేజ్ చుట్టుపక్కల ఉండే జనానికి.